హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి కారులో: రెండు రోజులు, పగటి ప్రయాణం, తొందర లేకుండా

హైదరాబాద్ నుంచి విశాఖపట్నం సొంత కారులో వెళ్తే సుమారు 620 కిలోమీటర్లు. విజయవాడ దాకా 65వ నంబరు జాతీయ రహదారి, అక్కణ్ణుంచి 16వ నంబరు. దారి పొడవునా డివైడర్ ఉన్న మంచి రోడ్డు. అందుకే చాలామంది "తెల్లారి నాలుగింటికి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి వైజాగ్‌లో ఉంటాం" అని లెక్కేస్తారు. అదే మాట ఫోన్లో అత్తగారికో అన్నయ్యకో చెప్పేస్తారు కూడా. ఇక ఆ తర్వాత టైరు పంక్చరైనా, పిల్లాడికి వాంతులైనా, వాన పట్టుకున్నా, పోయిన ప్రతి నిమిషాన్నీ యాక్సిలరేటర్ తొక్కి రాబట్టాలనిపిస్తుంది. తొందరకి బీజం పడేది ఆ ఫోన్ మాట దగ్గరే. కాబట్టి సరిచేయాల్సింది కూడా అక్కణ్ణుంచే.

ఇక్కడ వైజాగ్ దారిని ఉదాహరణగా తీసుకుంటున్నాను. తిరుపతికైనా, బెంగళూరుకైనా, షిర్డీకైనా పద్ధతి ఇదే.

మొదట రోజులు తేల్చుకోండి

కిలోమీటర్లు చూసి బయల్దేరే టైము నిర్ణయించకండి. ఒక మనిషి రోజుకి ఎన్ని గంటలు మెలకువగా, ఒళ్లు దగ్గర పెట్టుకుని నడపగలడో ముందు అది చూడండి. లారీలు, బస్సులు నడిపి బతికేవాళ్ల కోసం 1961లో చేసిన మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి ఎనిమిది గంటల పని అని గీత గీసింది. ఐదు గంటలు దాటకుండా కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని కూడా చెప్పింది. రోజూ స్టీరింగ్ పట్టే చేతులకే ఆ హద్దు ఉంటే, వారమంతా ఆఫీసు కుర్చీలో కూర్చుని శనివారం హైవే ఎక్కే మనకి పది పన్నెండు గంటలు ఎలా సరిపోతాయి?

టోల్ గేట్లు, ఊళ్లు, టీలు, బంకులు కలుపుకుంటే ఈ దారిలో గంటకి సగటున 60 కిలోమీటర్లు వస్తే చాలనుకోండి. అలా చూస్తే 620 కిలోమీటర్లంటే పది గంటల పైమాటే. ఒక రోజు పని కాదు. నేను చెప్పే విభజన ఇది: మొదటి రోజు హైదరాబాద్ నుంచి రాజమండ్రి, సుమారు 430 కిలోమీటర్లు. రెండో రోజు రాజమండ్రి నుంచి వైజాగ్, సుమారు 190. ఇద్దరు నడపగలిగితేనే మొదటి రోజు అంత దూరం. ఒక్కరే నడుపుతున్నా, బండిలో చంటిపిల్లలో పెద్దవాళ్లో ఉన్నా, మొదటి రాత్రి విజయవాడలోనో ఏలూరులోనో ఆగిపోండి. దాంట్లో నామోషీ ఏమీ లేదు.

రాత్రి ప్రయాణం పూర్తిగా మానుకోండి. ఈ ఒక్క మాటా పట్టుకుంటే మిగతావి కొంత అటూ ఇటూ అయినా ఫరవాలేదు. 2012 నవంబర్ 2న, అర్ధరాత్రి దాటాక, మాజీ కేంద్ర మంత్రి ఎర్రన్నాయుడు గారి కారు శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర ఆయిల్ ట్యాంకర్‌ని ఢీకొంది. 2018 ఆగస్టు 29 తెల్లవారుజామున బయల్దేరి, పెళ్లికని నెల్లూరు వైపు తానే కారు నడుపుకుంటూ వెళ్లిన నటుడు నందమూరి హరికృష్ణ గారు నల్గొండ దగ్గర ప్రమాదంలో పోయారు. మంచి కార్లు, అలవాటైన రోడ్లు. మన పేపర్లో జిల్లా పేజీ తిరగేస్తే "ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు" అన్న వార్త కనపడని వారం ఉండదు. అందులో టైము చూడండి, చాలావరకు అర్ధరాత్రికీ తెల్లవారుజాముకీ మధ్యే ఉంటుంది.

ఇక ఫోన్ మాట. "ఎల్లుండి సాయంత్రంలోపు వస్తాం, భోజనానికి మాత్రం ఎదురుచూడకండి" అని చెప్పండి. అంతకంటే కచ్చితంగా ఎవరికీ మాటివ్వకండి. ముహూర్తానికి వెళ్తున్నారా, ముందు రోజు మధ్యాహ్నానికే అక్కడ ఉండేలా చూసుకోండి.

టైర్లు, ఆ తర్వాతే మిగతావన్నీ

ప్రయాణానికి వారం ముందు కారు మెకానిక్‌కి చూపించండి. బ్రేకులు, కూలెంట్, ఇంజిన్ ఆయిల్, బ్యాటరీ, లైట్లు, వైపర్లు. ఇవి అతను చూస్తాడు. టైర్లు మాత్రం మీరే కూర్చుని చూడండి.

కారు నీడలో ఆపి, ఒక్కో టైరు పక్కన గొంతుక్కూర్చోండి. టైరు గోడ మీద డాట్ (DOT) అనే అక్షరాల వరసలో చివర నాలుగు అంకెలుంటాయి. 2322 అని ఉంటే 2022లో 23వ వారంలో తయారైందని అర్థం. ఆరేళ్లు దాటిన టైరు చూడ్డానికి ఎంత నల్లగా నిగనిగలాడినా, వేసవిలో హైవేకి పనికిరాదు. తర్వాత గాడిలో వేలు పెట్టి తడమండి. గాళ్ల అడుగున అక్కడక్కడా అడ్డంగా చిన్న రబ్బరు గట్లు తగులుతాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. పైన రబ్బరు అరిగి ఆ గట్లతో సమానమైపోతే ఆ టైరు పనైపోయినట్టే. గోడ మీద ఎక్కడైనా ఉబ్బు కనపడితే, దారం పోగులు బయటికొస్తే, బేరం లేదు, మార్చేయండి.

గాలి సంగతి. ఎంత పెట్టాలో డ్రైవర్ వైపు తలుపు తెరిస్తే లోపలి అంచున స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ఇద్దరున్నప్పుడు ఒక లెక్క, నిండా మనుషులూ సామానూ ఉన్నప్పుడు ఇంకో లెక్క. మీకు కావాల్సింది రెండోది. బండి చల్లగా ఉన్నప్పుడే, అంటే ఇంటి దగ్గర బంకులో పొద్దున్నే పెట్టించుకోండి. "ఎండకి టైరు పేలుతుంది, గాలి కాస్త తగ్గించండి" అని చెప్పేవాళ్లు ఊరికొకరు ఉంటారు. వినకండి. గాలి తక్కువైన టైరు తిరిగేటప్పుడు ఎక్కువ వంగుతుంది, ఆ వంపుకి వేడెక్కుతుంది, ఆ వేడికే పేలుతుంది. మే నెలలో సూర్యాపేట, కోదాడ మధ్య రోడ్డు మీద కనపడే టైరు ముక్కల వెనక చాలాసార్లు తక్కువ గాలి, ఎక్కువ బరువు ఉంటాయి.

స్టెప్నీలో కూడా గాలి చూసుకోండి. జాకీ, వీల్ స్పానర్ డిక్కీలో ఉన్నాయో లేదో చూడ్డమే కాదు, ఇంటి ముందు ఒకసారి నట్టు వదులు చేసి చూడండి. కొత్త బండి నట్లు మిషన్‌తో బిగించి ఉంటే చేత్తో కదలవు, ఆ సంగతి హైవే మీద తెలియకూడదు.

ముందు అద్దం లోపలి వైపు కూడా తుడవండి. లోపల పట్టిన సన్నటి జిడ్డు పొర ఊళ్లో తిరిగేటప్పుడు తెలియదు. ఎదురెండ పడినప్పుడు మాత్రం అద్దమంతా తెల్లగా మెరిసి ముందున్న బండి కనపడదు.

లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో పెట్టుకుంటే సరిపోతుంది. ఫాస్టాగ్‌లో డబ్బులు ముందు రోజే వేసుకోండి.

సామాన్లు, బెల్టులు

బరువైన పెట్టెలు డిక్కీ అడుగున, వెనక సీటుకి ఆనించి. వెనక అద్దం కిందుండే పలక మీద ఏమీ పెట్టకండి. గుడిలో కొట్టించాలని తీసుకెళ్లే కొబ్బరికాయలు, ఆవకాయ జాడీ, నీళ్ల బిందె అక్కడ పెట్టేవాళ్లని చూస్తుంటాం. సడన్ బ్రేకు పడితే అవన్నీ బండి వెళ్తున్న వేగంతోనే ముందుకొచ్చి తలలకి తగులుతాయి. డ్రైవర్ కాళ్ల దగ్గర ఒక్క వస్తువూ ఉండకూడదు. బ్రేకు కిందికి దొర్లే నీళ్ల సీసా చాలు.

వెనక కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి. చట్టం కూడా అదే చెబుతోంది, పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా. 2022 సెప్టెంబర్‌లో పాల్ఘర్ దగ్గర సైరస్ మిస్త్రీ చనిపోయిన కారు ఖరీదైన బెంజ్. ఆయన వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్నారు. హరికృష్ణ గారి విషయంలోనూ బెల్టు పెట్టుకోలేదనే పోలీసులు చెప్పారు. బెల్టు లేని మనిషి వెనక నుంచి ఎగిరిపడితే ముందు సీట్లో ఉన్నవాళ్ల ప్రాణాలకీ ముప్పే. అమ్మమ్మ "నాకు ఊపిరాడదురా" అంటే, నడుం పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముక మీద, రెండో పట్టీ మెడకి తగలకుండా భుజం మీద ఉండేలా మీరే సర్దండి. అప్పుడు ఊపిరి బాగానే ఆడుతుంది.

చంటిపిల్లని ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం మన ఇళ్లల్లో ముద్దు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ దెబ్బ ముందు పడేది ఆ బిడ్డ మీదే. చైల్డ్ సీటు కొనండి, వెనక కట్టండి. మొదటి అరగంట ఏడుస్తారు. ఏడవనివ్వండి.

బయల్దేరే ఉదయం

ముందు రాత్రి ఏడెనిమిది గంటలు నిద్ర పట్టాలి. అంటే పెట్టెలు సర్దడం అంతకు ముందు రోజే అయిపోవాలి. నడిపే మనిషిని రాత్రి పదకొండింటికి సామాన్లు మోయించకండి. ఆ నిద్ర కుదరలేదా, రెండు గంటలు ఆలస్యంగా బయల్దేరండి. మనం ఎవరికీ గంట చెప్పలేదు కదా.

ఉదయం ఐదున్నర, ఆరు మధ్య బయల్దేరితే మంచిది. నగరం చివరి నుంచి వచ్చేవాళ్లు ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి 65 ఎక్కొచ్చు. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. ఈ రోడ్డు తూర్పు వైపుగా వెళ్తుంది. చౌటుప్పల్ దాటేసరికి పొద్దు సరిగ్గా కళ్లకెదురుగా ఉంటుంది. అందుకే నార్కట్‌పల్లి దగ్గర టిఫిన్‌కి ఆగడం ఆకలికే కాదు, కళ్లకీ మేలు. తీరిగ్గా ఇడ్లీ తిని, టీ తాగి, ఓ పావుగంట నడిచి మళ్లీ ఎక్కేసరికి సూర్యుడు పైకెక్కి ఉంటాడు. శీతాకాలంలో ఇదే దారిలో మంచు దట్టంగా కురుస్తుంది. అలాంటి రోజు ఎనిమిది దాకా ఇంట్లోనే ఉండండి. బయల్దేరాక మంచు పట్టుకుంటే బంకులోకో హోటల్లోకో పూర్తిగా తిప్పేయండి, రోడ్డు అంచున మాత్రం ఆపకండి.

ఫోన్ ముందు సీట్లో కూర్చున్నవాళ్ల చేతిలో ఉండాలి. నడిపేవాళ్లకి మ్యాపు గొంతు వినపడితే చాలు. స్క్రీన్ మీద "చేరే సమయం" అని ఒక అంకె కనపడుతూ ఉంటుంది చూశారా, అది తెలియకుండానే మనతో పందెం వేయిస్తుంది. ఐదు నిమిషాలు తగ్గితే సంబరం, పది పెరిగితే చిరాకు. ఆ అంకె నడిపేవాళ్ల కంటపడకూడదు.

ముందు సీట్లో కూర్చున్నవాళ్లకి ఇంకో పని కూడా ఉంది. వాళ్లు నిద్రపోకూడదు. నిద్రొస్తే వెనక్కి మారి, మెలకువగా ఉన్నవాళ్లని ముందుకి పంపాలి.

వేగం లెక్క ఒకసారి వేసుకోండి

2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు వరసల హైవేల మీద కార్లకి గరిష్ఠ వేగం 100. కొన్నిచోట్ల అంతకంటే తక్కువ బోర్డులుంటాయి, అక్కడ బోర్డు మాటే మాట. నేను మాత్రం 80 దగ్గర స్థిరపడమంటాను. 150 కిలోమీటర్లు 100 మీద వెళ్తే గంటన్నర, 80 మీద వెళ్తే గంటా 52 నిమిషాలు. తేడా 22 నిమిషాలు. అది కూడా దారంతా ఒకే వేగంతో వెళ్లగలిగితేనే. టోల్ గేటు దగ్గర వరసలో నిలబడినప్పుడు, ఇందాక మిమ్మల్ని రయ్యిన దాటుకుపోయిన కారు మీకు రెండు బళ్ల ముందే కనపడుతుంది.

ఆపడంలో తేడా మాత్రం చాలా పెద్దది. 100 మీద ఉన్న కారు సెకనుకి 28 మీటర్లు పోతుంది. ముందు ఏదో ఉందని కన్ను చూసి, కాలు బ్రేకు మీద పడేసరికే 40 మీటర్లు. అక్కణ్ణుంచి పొడి రోడ్డు మీద పూర్తిగా ఆగడానికి ఇంకో 55 దాకా. మొత్తం వంద మీటర్ల దగ్గర. 80 మీద అదే 70లో ఆగుతుంది. ఆ మిగిలిన 30 మీటర్లలోనే గేదె ఉంటుంది, ట్రాక్టర్ ఉంటుంది, రోడ్డు దాటుతున్న పిల్లాడు ఉంటాడు. రాత్రి కిందికి దించిన హెడ్‌లైటు వెలుగు స్పష్టంగా పడేది యాభై అరవై మీటర్లే కాబట్టి, 100 మీద వెళ్లే కారు తనకి కనపడే దూరంలో ఆగలేదు. లైట్లు లేకుండా ఆగిన లారీ ఎందుకంతమందిని పొట్టన పెట్టుకుంటుందో దీంతో తెలుస్తుంది.

ముందు బండికీ మీకూ మధ్య మూడు సెకన్లు ఉండాలి. ముందు కారు ఒక స్తంభం దాటగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్నరెండు, వెయ్యిన్నమూడు" అని లెక్కపెట్టండి. అది పూర్తి కాకముందే మీరు ఆ స్తంభం దగ్గరికొస్తే దగ్గరగా ఉన్నట్టు. ఆ సందులోకి ఇంకొకడు దూరతాడు. దూరనివ్వండి, మీరు మళ్లీ వెనక్కి తగ్గండి.

మన రోడ్ల మీద ఎదురయ్యేవి

రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు, ట్రాక్టర్లు మొదటివి. యూటర్న్ రెండు కిలోమీటర్ల అవతల ఉంటే, ఎరువుల బస్తా వేసుకుని పొలానికి వెళ్లే రైతు డివైడర్ వారగా ఎదురొస్తాడు. అతను ఎక్కువగా కుడి అంచునే పట్టుకుని వస్తాడు, మీరు ఓవర్‌టేక్ చేసేదీ ఆ వరసలోనే. కాబట్టి కుడి వరస దాటడానికి మాత్రమే, దాటగానే ఎడమకి వచ్చేయండి. వంపు దగ్గర, ఫ్లైఓవర్ దిగే చోట, జంక్షన్లలో ఎవర్నీ దాటొద్దు.

లారీని దాటేముందు దాని అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనపడుతుందో లేదో చూడండి. కనపడకపోతే మీరు కూడా అతనికి కనపడరు. హారన్ కొట్టి, పగలైనా సరే డిప్పర్ వేసి, ఒకే ఊపులో దాటేయండి, పక్కనే సాగకండి. లారీ కుడి ఇండికేటర్ వేస్తే మాత్రం జాగ్రత్త. "దాటిపో" అని కావచ్చు, "నేను కుడికి తిరుగుతున్నా" అని కావచ్చు. ఏదో తేలేదాకా వెనకే ఉండండి.

కోతల కాలంలో సర్వీస్ రోడ్ల మీద, కొన్నిచోట్ల హైవే అంచు దాకా కూడా వడ్లు, మొక్కజొన్న ఆరబోస్తారు. పక్కన రాళ్లు పెడతారు. గింజల మీద బ్రేకు వేస్తే టైరు జారుతుంది. సాయంత్రమైతే గొర్రెల మందలు ఇళ్లకి మళ్లుతాయి. ఒక గేదె రోడ్డు దాటిందంటే దాని వెనక ఇంకోటి ఉంటుందనే అనుకోండి.

నిద్ర ముంచుకొస్తే

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఒంటికి సహజంగానే మగత. పైగా విజయవాడలో పప్పూ నెయ్యీ ఆవకాయలతో కడుపునిండా తిని స్టీరింగ్ పట్టుకుంటే, ఏలూరు రాకముందే రెప్పలు బరువెక్కుతాయి. నడిపేవాళ్లు మధ్యాహ్నం సగం పొట్టే తినండి. ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నమో పులిహోరో చాలు.

సూచనలు ఇవి. ఆవలింతల మీద ఆవలింతలు. ఇందాకటి రెండు కిలోమీటర్లు ఎలా వచ్చామో గుర్తుండకపోవడం. బండి మెల్లగా గీత మీదికి జరగడం. పక్కవాళ్లు అడిగినదానికి ఆలస్యంగా "ఆఁ" అనడం. వీటిలో ఒక్కటి కనపడినా నిద్ర మొదలైపోయిందనే అర్థం. కిటికీ దించడం, పాట గట్టిగా పెట్టడం, ముఖం కడుక్కోవడం, ఇవేవీ దాన్ని ఆపలేవు. 80 మీద మూడు సెకన్ల కునుకంటే కళ్లు మూసుకుని 67 మీటర్లు నడిపినట్టు.

చేయాల్సింది ఇది: బంకులోకి తిప్పండి. ఒక కాఫీ గబగబా తాగండి. సీటు వాల్చి, ఇరవై నిమిషాలకి అలారం పెట్టుకుని పడుకోండి. కాఫీ పనిచేయడానికి ఎలాగూ ఇరవై నిమిషాలు పడుతుంది, లేచేసరికి రెండూ కలిసొస్తాయి. లేచాక ఐదు నిమిషాలు నడిచి, ఆ తర్వాతే ఎక్కండి. పిల్లలకి ముందే చెప్పి ఉంచండి, నాన్న పడుకున్నప్పుడు కారులో అల్లరి ఉండదని. అమ్మ నడుపుతుంటే అమ్మకీ అంతే.

ఎక్కడెక్కడ ఆగాలి

రెండు గంటలకొకసారి, అలసటతో పనిలేకుండా, గడియారం చూసి ఆగండి. పెద్దవాళ్లు ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే కాళ్లు వాస్తాయి, రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది. ఆగిన ప్రతిసారీ వాళ్లని పది నిమిషాలు నడిపించండి. ఆడవాళ్లు టాయిలెట్ బాధకి భయపడి పొద్దుట్నుంచీ నీళ్లు తాగకుండా కూర్చోవడం మనకి తెలిసిందే. ఎండలో అది తలనొప్పికీ, కళ్లు తిరగడానికీ దారి. ఆగే చోటు ఎంచుకునేటప్పుడు దోశ రుచి కంటే శుభ్రమైన టాయిలెట్ ముందు. పెద్ద కంపెనీ బంకులు, బస్సులు ఆగే పెద్ద హోటళ్లు కాస్త నయం. "మళ్లీ గంటన్నరకి ఆగుతాం" అని ముందే చెబితే వాళ్లూ ధైర్యంగా నీళ్లు తాగుతారు.

నార్కట్‌పల్లి తర్వాత కోదాడ. విజయవాడకి కాస్త ముందు ఇబ్రహీంపట్నం దగ్గర కొండపల్లి. తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చెక్కే ఇళ్లకి పిల్లల్ని తీసుకెళ్లండి, గంట సేపు కదలరు. మధ్యాహ్నం భోజనం విజయవాడలో.

ఏలూరు దాటాక గుండుగొలను దగ్గర దారి రెండుగా చీలుతుంది. కొత్త 16వ నంబరు దేవరపల్లి, కొవ్వూరు మీదుగా త్వరగా రాజమండ్రి చేరుస్తుంది. పాత హైవే, ఇప్పుడు దాని నంబరు 216ఏ, తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా వెళ్తుంది. పొద్దు మిగిలి ఉంటే పాత దారే పట్టమంటాను. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, రావులపాలెం దాటాక గౌతమి, గోదావరి రెండు పాయలనీ దాటుతారు. రావులపాలెంలో ఆత్రేయపురం పూతరేకులు, అరటిగెలలు. ఆ తర్వాత కడియం నర్సరీలు. అయితే ఈ దారిలో ఊళ్లెక్కువ, బైకులెక్కువ, యాభై అరవై మించి పోలేరు. నాలుగు దాటిపోయిందా, కొవ్వూరు దారే మేలు. వంతెన మీద మాత్రం గోదావరి ఎంత అందంగా కనపడినా బండి ఆపకూడదు. రాజమండ్రిలో గదికి చేరి, స్నానం చేసి, సాయంత్రం పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చోండి, కావలసినంత గోదావరి.

రెండో రోజు తీరిగ్గా ఎనిమిదింటికి బయల్దేరొచ్చు. సుమారు 80 కిలోమీటర్లలో అన్నవరం. కొండెక్కే ఓపిక లేనివాళ్లు దిగువన హైవే పక్కనే దేవస్థానం కౌంటర్లో విస్తరాకులో కట్టిన గోధుమ నూక ప్రసాదం తీసుకోవచ్చు. తుని దాటాక, ఎలమంచిలి దగ్గర కాస్త లోపలికి ఏటికొప్పాక, అంకుడు కర్ర మీద లక్క రంగుల బొమ్మలు. అనకాపల్లి పక్కన శంకరంలో బొజ్జన్నకొండ బౌద్ధ గుహలు. అన్నీ చూడాలని పెట్టుకోకండి, ఒక్కటి చాలు. అనకాపల్లి నుంచి వైజాగ్ లోపలికి లారీలు బాగా ఎక్కువ, ఆ చివరి ముప్పై ఐదు కిలోమీటర్లకి ఓపిక మిగుల్చుకోండి.

వానలో

చాలా రోజుల తర్వాత కురిసిన మొదటి వాన అరగంట చాలా ప్రమాదం. రోడ్డు మీది ఆయిలూ దుమ్మూ కలిసి జారుడు అవుతుంది. 60కి దిగండి, హెడ్‌లైట్లు వేయండి. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వేయకండి, మీరు ఎటు తిరుగుతారో వెనకవాళ్లకి తెలియదు. నీటి మడుగులో స్టీరింగ్ తేలికైపోయినట్టనిపిస్తే టైర్లు రోడ్డుని వదిలేశాయన్నమాట. బ్రేకు తొక్కకుండా, యాక్సిలరేటర్ మీద కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి.

జులై నుంచి సెప్టెంబర్ దాకా బయల్దేరేముందు వార్తలు చూడండి. 2023 జులైలోనూ, 2024 సెప్టెంబర్ మొదట్లోనూ మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద ఈ హైవే మీదికే నీళ్లొచ్చాయి, రాకపోకలు ఆగిపోయాయి. అలాంటప్పుడు నార్కట్‌పల్లి నుంచి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు మీదుగా చుట్టుదారి ఉంది. అయినా నా మాట వింటే ఒకట్రెండు రోజులు ఆగి బయల్దేరడమే మంచిది. ప్రవహిస్తున్న నీళ్లలో, లోతు ఎంత తక్కువగా కనపడినా, కారు దించకండి.

డ్రైవర్‌ని పెట్టుకుని వెళ్తే

ఇది మనసులో బాధతో రాస్తున్నాను. పెళ్లికి కారు మాట్లాడుకుని వెళ్తాం. మనం ఫంక్షన్ హాల్లో గదులు తీసుకుని పడుకుంటాం. ఆ అబ్బాయి పార్కింగ్‌లో కారు సీటు వాల్చుకుని, దోమల మధ్య, పెళ్లి మైకు హోరులో పడుకుంటాడు. అర్ధరాత్రి రెండింటికి ముహూర్తం అవగానే "పద బాబూ, తెల్లారేసరికి ఇల్లు చేరాలి" అంటాం. అతని నిద్ర మీదే మన అందరి ప్రాణాలూ ఉన్నాయి.

గదుల లెక్క వేసేటప్పుడు డ్రైవర్‌కి మంచం, ఫ్యాను ఉన్న చోటు కూడా లెక్కలో వేయండి. మీతో పాటే, వేడిగా ఉన్నప్పుడే అన్నం పెట్టించండి. "రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు?" అని బయల్దేరేముందు అడగండి. "ఫరవాలేదు సార్, అలవాటే" అంటాడు. అలవాటైనంత మాత్రాన నిద్ర రాకుండా ఉండదు. అతను "సార్, ఓ అరగంట పడుకుంటా" అని అడగగలిగేంత చనువు మొదటి గంటలోనే ఇవ్వండి. ఎన్ని గంటలకి చేరుస్తావని అసలు అడగనే వద్దు.

బండి ఆగిపోతే, ప్రమాదం కనపడితే

పంక్చరైనా, ఇంజిన్ ఆగినా, బండిని ఎంత వీలైతే అంత ఎడమకి, రోడ్డు మీంచి పూర్తిగా దించండి. నాలుగు ఇండికేటర్లు వేయండి. ఎడమ తలుపుల్లోంచి అందరూ దిగి, రోడ్డు పక్క రెయిలింగ్ ఉంటే దాని అవతల నిలబడాలి. ఎండగా ఉందని కారులో కూర్చోకూడదు. వచ్చే బళ్ల వైపు చూస్తూ వెనక్కి నడిచి, కనీసం యాభై అంగల దూరంలో త్రికోణం బోర్డు పెట్టండి. హైవే మీదైతే అంతకు రెండింతలు, మూడింతలు దూరమే మంచిది. పాడైంది రోడ్డు వైపు టైరైతే మీరు మార్చకండి. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి, టోయింగ్ బండి వస్తుంది.

ఎవరికైనా ప్రమాదం జరిగినట్టు కనపడితే 108కి గానీ 112కి గానీ చేయండి. కిలోమీటరు రాయి మీద అంకె చదివి చెబితే అంబులెన్సు తొందరగా వస్తుంది. "మనకెందుకు, పోలీసు కేసులు" అన్న భయం అక్కర్లేదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్లకి రక్షణ ఇస్తుంది. మీ పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. రోడ్డు ప్రమాద బాధితులకి మొదటి ఏడు రోజులు లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం అందించే కేంద్ర పథకం 2025 మేలో వచ్చింది. ఆసుపత్రిలో ఆ సంగతి అడగండి.

తిరుగు ప్రయాణం

వెళ్లేటప్పటికంటే వచ్చేటప్పుడే అజాగ్రత్త ఎక్కువ. దారి తెలిసిపోయింది, సోమవారం ఆఫీసు ఉంది, ఒళ్లు అలసి ఉంది. అందుకే సెలవు పెట్టేటప్పుడే ఇల్లు చేరిన మర్నాడు కూడా సెలవు పెట్టుకోండి. మళ్లీ రెండు రోజులే. విజయవాడ నుంచి పడమటికి వస్తారు కాబట్టి ఈసారి సాయంత్రపు ఎండ కళ్లలో కొడుతుంది. నాలుగు లోపు నార్కట్‌పల్లి దాటేలా పొద్దున్నే బయల్దేరండి.

అమ్మ డిక్కీలో పెట్టే బియ్యం బస్తా, మామిడి పళ్ల బుట్ట, బెల్లం దిమ్మలు, నూనె డబ్బా కలిపి ఇంకో మనిషి బరువు ఉంటాయి. ఊళ్లో బయల్దేరేముందు టైర్లలో గాలి మళ్లీ చూపించుకోండి. సంక్రాంతి అయితే భోగికి ముందు రెండు రోజులు, కనుమ తర్వాత రెండు రోజులు పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్ల దగ్గర బారులు తీరతాయి. వీలైతే ఒక రోజు ముందు వెళ్లి, ఒక రోజు వెనగ్గా రండి. వీలు కాకపోతే నీళ్లు, బిస్కెట్లు, పిల్లలకి ఆడుకోవడానికేదైనా చేతికందేలా పెట్టుకుని, ఆ బారులో గంట పోతుందని ముందే లెక్కలో వేసుకుని బయల్దేరండి.